పురుగు ప్రాణం చిలకలో

బిచ్కుంద అంగడిలో ఒక గంటసేపు నిలబడితే నాలుగు భాషలు చెవిన పడతాయి. కామారెడ్డి జిల్లాకు మాది ఒక కొస. ఒక పక్క దెగ్లూరు దారి పడితే మహారాష్ట్ర, ఇంకో పక్కకు తిరిగితే బీదరు జిల్లా, కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం, వీటన్నిటి నడుమ నిజాం కాలం నుంచి నిలిచిపోయిన ఉర్దూ. అందుకని ఒకే జబ్బుకు మా దగ్గర నాలుగు పేర్లు. మరాఠీవాళ్లు హత్తీపాయ్ అంటారు, కన్నడంవాళ్లు ఆనెకాలు అంటారు, ఉర్దూలో ఫీల్‌పా. మూడింటిలోనూ ఏనుగే ఉంది. తెలుగులో కూడా పుస్తకాల్లో ఏనుగుకాలు అని రాస్తారు గాని, మా ఇళ్లల్లో మాత్రం బోదకాలే.

పేర్లు నాలుగైనా అందరూ చూసింది ఒకటే: పైకి కనబడే కాలు. కాలి లోపల దారంలాంటి పురుగు ఉందని తెలియడానికి పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పురుగు కణాల లోపల ఇంకొక ప్రాణి కాపురం ఉంటుందని, పురుగు బతుకంతా దాని మీదే ఆధారపడిందని తేలడానికి మరో నూరేళ్లు పైనే పట్టింది. ఆ లోపలి ప్రాణి పేరు వోల్బాకియా. అదొక బాక్టీరియా. ఈ వ్యాసం దాని కథ. ఆ కథలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడున్నాడు, ఢిల్లీ చుట్టుపక్కల పల్లెలున్నాయి, పార్లమెంటు రగడ ఉంది. బోదకాలును మోసే మనుషులు మొదటినుంచి చివరిదాకా ఉన్నారు.

బుర్రకథలు విన్నవాళ్లకు బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు గుర్తుండే ఉంటాడు. వాణ్ణి ఎంత కొట్టినా చావడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. బాలనాగమ్మ కొడుకు ఆ చిలకను పట్టుకున్నాకే ఫకీరు పని అయిపోయింది. బోదకాలు పురుగు విషయంలో సైన్సు నడిచిన దారి సరిగ్గా ఇదే. కాకపోతే చిలక దొరికే సరికి చాలా తరాలు గడిచిపోయాయి.

రాత్రిపూట నెత్తురు

ముందు జబ్బు సంగతి. ఉకెరేరియా బాంక్రాఫ్టీ అనే సన్నటి పురుగు మనిషి శోషరస నాళాల్లో చేరి ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు, మందం మాత్రం కుట్టుదారమంత. అది కనే పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, లక్షల్లో నెత్తురులోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు నెత్తురుతోపాటు దోమలోకి పోతాయి, అక్కడ కొంత పెరుగుతాయి, ఇంకొకరిని కుట్టినప్పుడు వాళ్లలోకి దిగుతాయి. పెద్దపురుగులున్న చోట నాళాలు పాడై, శోషరసం పారక, కాలు ఉబ్బుతుంది. పగుళ్లలోంచి మామూలు సూక్ష్మజీవులు దూరిన ప్రతిసారీ జ్వరం, నొప్పి. ఉబ్బు మరి కొంచెం పెరుగుతుంది.

మా పెద్దమ్మకు ఎడమకాలు బోదకాలు. మా చిన్నప్పుడు ఫైలేరియా వాళ్లు వస్తే ఆమెకు ఒకటే అనుమానం: "వీళ్లేంది, దొంగలోలె రాత్రి వచ్చి నెత్తురు తీస్కపోతరు? పొద్దుగాల తీస్తే ఏమైతది?" ఆ అనుమానానికి జవాబు 1870ల నుంచి ఉంది. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లో ఈ పురుగు పిల్లలు దోమలోకి చేరి అక్కడ పెరుగుతాయని చూశాడు. అవి రాత్రిపూటే పైనెత్తురులోకి వస్తాయనీ, పగలు లోపలి అవయవాల్లో దాక్కుంటాయనీ ఆ తర్వాత గమనించాడు. క్యూలెక్స్ కుట్టేది రాత్రే మరి. పురుగు తన గడియారాన్ని దోమ గడియారంతో కలిపి పెట్టుకుంది. ఈ మాట ఆ రోజుల్లో పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా నెత్తురు మాత్రం తీసుకున్నారు. ఈ "చెప్పకుండా" అన్న మాట ఈ కథలో మళ్లీ వస్తుంది.

మాన్సన్ శిష్యుడిలాంటివాడే రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర, దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. అంతకు ముందు రెండేళ్లూ అతను కోసి చూసినవి ఎక్కువగా మలేరియాతో సంబంధం లేని దోమలే. వాటిలో క్యూలెక్స్ దోమలూ ఉన్నాయి. మన ప్రాంతపు క్యూలెక్స్ దోమల్లో వోల్బాకియా ఉండడం సర్వసాధారణమని ఇప్పుడు మనకు తెలుసు. అంటే రాస్ బల్ల మీద అది రోజూ ఉండేదన్నమాట. కాని అతను వెతికింది కడుపులో, అదీ ఇంకొకదాని కోసం. ఇది ఉండేది ప్రధానంగా అండాశయాల్లో.

బోస్టన్‌లో ఇద్దరు

1922 అక్టోబరులో యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, తక్కువ స్థాయి పట్టాతో బయటపడ్డవాడు. సొంత అన్నను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఉష్ణదేశాల జబ్బుల వైద్యం నేర్చుకుందామని హార్వర్డ్‌కు వచ్చాడు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట మలమూత్రాల గిన్నెలు కడిగే పని చేశాడు.

అదే హార్వర్డ్‌లో సిమియన్ బర్ట్ వోల్‌బాక్ పాథాలజీ ఆచార్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండులో టైఫస్ జ్వరం ఊళ్లకు ఊళ్లను తుడిచిపెడుతుంటే అక్కడికి వెళ్లి పరిశోధన చేసి వచ్చినవాడు. టైఫస్‌ను మోసేది పేను. పేను పేగు కణాల లోపల ఉండే చిన్న బాక్టీరియా దానికి మూలం. ఆ బాక్టీరియా వేటలో హోవర్డ్ రికెట్స్ 1910లో మెక్సికోలో, స్టానిస్లావ్ ప్రోవాజెక్ 1915లో జర్మనీలో అదే జ్వరం తగిలి చనిపోయారు. వాళ్లిద్దరి పేర్లూ కలిపి 1916లో రోచా లిమా ఆ జీవికి రికెట్సియా ప్రోవాజెకీ అని పేరు పెట్టాడు.

మామూలు బాక్టీరియాను గాజు పళ్లెంలో తిండి పోసి పెంచవచ్చు. ఇవి అలా పెరగవు. ఇంకొక జీవి కణం లోపలే వీటి బతుకు. ఇలాంటివి ఏయే పురుగుల్లో ఉన్నాయో చూద్దామని వోల్‌బాక్, యువ కీటక శాస్త్రవేత్త మార్షల్ హెర్టిగ్‌తో కలిసి రకరకాల కీటకాలను కోసి చూశాడు. 1924లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో క్యూలెక్స్ దోమ అండాశయాల్లో కనబడ్డ రికెట్సియాలాంటి జీవుల ప్రస్తావన ఉంది. జబ్బు చేయవు, దోమను చంపవు. తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి కూతురికి పోతాయి. పన్నెండేళ్ల తర్వాత, 1936లో, హెర్టిగ్ దానికి వోల్బాకియా పైపియెంటిస్ అని తన గురువు పేరు పెట్టాడు.

1924 అంటే మాకు దగ్గర్లో మంజీర మీద నిజాంసాగర్ కట్టడం మొదలై ఏడాది. బోస్టన్‌లో సుబ్బారావు అప్పుడు హార్వర్డ్‌లోనే ఉన్నాడు. ఉష్ణదేశాల వైద్యం నుంచి జీవరసాయనం వైపు తిరిగి, సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో నెత్తురులోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద కూర్చున్నాడు. 1925లో వచ్చిన ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి జీవరసాయన విద్యార్థులకు తరతరాలుగా తెలిసిందే. వోల్బాకియాను చూసినవాళ్లు, దాన్ని చంపే మందు రాబోయే రోజుల్లో ఎవరి పర్యవేక్షణలో పుట్టబోతుందో ఆ మనిషి, ఒకే విద్యాసంస్థలో ఉన్నారు. చరిత్రలో ఇలాంటివి యాదృచ్ఛికాలే. అయినా తెలుగువాడిగా నాకు ఈ యాదృచ్ఛికం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఒకే గదిలో తాళం, తాళంచెవి

హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనా విభాగానికి వెళ్లి, కొద్దికాలంలోనే దాని అధిపతి అయ్యాడు. ఫోలిక్ ఆమ్లం, కాన్సరు మందు అమినోప్టెరిన్ అక్కడినుంచే వచ్చాయి. మన కథకు కావాల్సినవి ఇంకో రెండు.

మొదటిది బోదకాలు మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా తగిలి తిరిగొచ్చారు. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఉన్న జబ్బుకు పెద్ద ఎత్తున మందు వెతకడం అప్పుడు మొదలైంది. లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్ బృందం, సుబ్బారావు నేతృత్వంలో, కాటన్ ర్యాట్ అనే ఒక రకం అమెరికా ఎలుకలను తీసుకుంది. వాటిలో సహజంగా లిటమసాయిడిస్ అనే ఫైలేరియా పురుగు ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి రసాయనాలు ఆ ఎలుకలకు ఇచ్చి చూశారు. 1947లో బయటికొచ్చింది డైఈథైల్ కార్బమజైన్, క్లుప్తంగా డీఈసీ. వ్యాపార నామం హెట్రజాన్. ఇవాళ తెలంగాణ పల్లెల్లో బోదకాలు మాత్ర అని చేతిలో పెట్టేది అదే.

రెండోది ఆరియోమైసిన్. డెబ్బై ఏళ్లు దాటి విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్తకు లెడర్లీ ఉద్యోగం ఇచ్చింది. దేశం నలుమూలల నుంచి మట్టి నమూనాలు తెప్పించి, వాటిలోని బూజుల్లాంటి జీవులను వెతకడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని ఒక మట్టి నమూనాలో బంగారు రంగు జీవి దొరికింది. అది విడుదల చేసే మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. పెన్సిలిన్ కణం లోపలి శత్రువును తాకలేదు. టెట్రాసైక్లిన్ కణం లోపలికి వెళ్లగలదు. రికెట్సియా జ్వరాలు దానికి లొంగాయి. ఇవాళ పల్లెల్లో స్క్రబ్ టైఫస్ అని భయపడుతున్న జ్వరానికి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. ఆ జ్వరం మోసే సూక్ష్మమైన నల్లిజాతి పురుగులోనూ ఇలాంటి కణాంతర బాక్టీరియానే.

ఇప్పుడు ఆ ప్రయోగశాలను ఒకసారి ఊహించండి. ఒక పక్క కాటన్ ర్యాట్ పంజరాలు, వాటి ఒంట్లో లిటమసాయిడిస్ పురుగులు, ఆ పురుగుల కణాల్లో వోల్బాకియా. ఇంకో పక్క ఆరియోమైసిన్ సీసాలు. తాళమూ తాళంచెవీ ఒకే కప్పు కింద ఉన్నాయి. తాళం ఉందన్న సంగతే లోకంలో ఎవరికీ తెలియదు. పురుగులో బాక్టీరియా ఉంటుందని ఊహించడానికి అప్పటికి ఆధారమే లేదు. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో పోయాడు. స్వదేశానికి తిరిగి రాలేదు.

పగలని గుడ్లు

వోల్బాకియాను 1936 తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మరో దారిలో, మరో ప్రశ్నతో, అది మళ్లీ బయటపడింది. 1950లలో జర్మనీలో హానెస్ లావెన్ వేరువేరు ఊళ్ల క్యూలెక్స్ దోమలను జత కలిపి చూస్తుంటే ఒక వింత ఎదురైంది. కొన్ని జంటల గుడ్లు పగిలి పిల్లలు రావు. అదే రెండు జాతుల్లో ఆడ, మగ స్థానాలు మారిస్తే కొన్నిసార్లు వస్తాయి. ఇది జన్యువుల పని కాదు, తల్లి గుడ్డులోని జీవద్రవంలో ఏదో ఉంది అనుకున్నాడు. ఆ ఏదో ఏమిటన్నది తేలకముందే దాన్ని వాడి చూశాడు. 1967లో బర్మాలో, రంగూన్ దగ్గరి ఓక్పో అనే ఊళ్లో, పొసగని రకం మగదోమలను రోజూ వేల సంఖ్యలో వదిలాడు. మగదోమలు కుట్టవు కాబట్టి జనానికి ఇబ్బంది లేదు. కొన్ని వారాల్లో ఊళ్లో దొరికిన దోమగుడ్లు దాదాపు అన్నీ పనికిరానివయ్యాయి. మందు కొట్టకుండా ఫైలేరియా దోమను ఒక ఊరి నుంచి తరిమేయవచ్చని అప్పుడు తెలిసింది.

1970ల మొదట్లో కాలిఫోర్నియాలో జానిస్ యెన్, రాల్ఫ్ బార్ దోమపిల్లలున్న నీళ్లలో టెట్రాసైక్లిన్ కలిపి చూశారు. బాక్టీరియా పోయింది. దానితో మగదోమల ఆ శక్తీ పోయింది. హెర్టిగ్ చూసిన ఆ జీవే గుడ్లను ఆపుతోందని తేలింది. లెక్క ఇలా ఉంటుంది. వోల్బాకియా ఉన్న మగదోమ, అది లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు చచ్చిపోతాయి. వోల్బాకియా ఉన్న ఆడదోమ, అదే రకం ఉన్న మగదోమతో కలిసినా, అది లేని మగదోమతో కలిసినా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలన్నిటికీ తల్లి నుంచి వోల్బాకియా వస్తుంది. మగవాడి ద్వారా అది వారసత్వంగా పోలేదు కాబట్టి, మగవాణ్ణి ఆయుధంగా వాడుకుని, తనను మోయని ఆడవాళ్ల సంతానాన్ని ఆపుతుంది. తరతరానికి తన వంశాన్ని పెంచుకుంటుంది.

ఇది దోమకే పరిమితం కాదు. కీటక జాతుల్లో 40 నుంచి 66 శాతం దాకా వోల్బాకియా ఉండవచ్చని వేరువేరు అంచనాలున్నాయి. మా నల్లరేగడి పత్తి చేలల్లో కాయతొలుచు పురుగుల గుడ్ల మీదికి వదిలే ట్రైకోగ్రామా కందిరీగలను రైతులు కార్డుల మీద అంటించి తెచ్చుకుంటారు. ఆ జాతి కొన్నిటిలో వోల్బాకియా వల్ల మగవాటి అవసరమే లేకుండా ఆడవి ఆడపిల్లలనే కంటాయి. యాంటీబయాటిక్ ఇస్తే మళ్లీ మగవి పుడతాయని 1990లో తేలింది. పేనుబంక పీల్చే చెట్టురసంలో లేని పోషకాలను తయారుచేసి పెట్టేది బుక్నెరా అనే మరో కణాంతర బాక్టీరియా. అది లేకపోతే పేనుబంక సంతతి సాగదు. చేలో మనం చూసే ప్రతి పురుగునూ ఒక్క ప్రాణి అనుకుంటాం. చాలావాటిలో ఉన్నది ఒక ఉమ్మడి కుటుంబం.

ఢిల్లీ, 1975

ఓక్పో ఫలితం చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధనా విభాగాన్ని మొదలుపెట్టాయి. ఒప్పందం 1969లో కుదిరింది. డబ్బు అమెరికా ప్రజారోగ్య శాఖ ద్వారా వచ్చింది. పీఎల్ 480 కింద మనం తిన్న గోధుమల తాలూకు రూపాయలవి. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో క్యూలెక్స్ మగదోమలను పెద్ద ఎత్తున వదిలారు. కొన్ని పొసగని రకానివి, కొన్ని థయోటెపా అనే రసాయనంతో సంతానం కలగకుండా చేసినవి. థయోటెపా కాన్సరు వైద్యంలో వాడే విషం. అది మంచినీళ్ల బావుల్లోకి చేరుతుందేమోనన్న భయం పత్రికలకెక్కింది.

1974లో పీటీఐ వార్తా సంస్థ ఈ పరిశోధనల మీద సందేహాలు లేవనెత్తింది. సోనీపత్‌లో ఈడిస్ దోమలు వదలాలన్న పథకం మీద అందరి దృష్టి పడింది. ఈడిస్ పచ్చజ్వరాన్ని మోస్తుంది, మన దేశంలో ఆ జ్వరమే లేదు. మలేరియా తిరగబెడుతున్న రోజుల్లో అమెరికా డబ్బుతో ఈ దోమ మీద ఇంత ఆసక్తి ఎందుకు? జీవాయుధాల కోసం వివరాలు సేకరిస్తున్నారా? అదే కాలంలో వలస పక్షుల మీద జరిగిన ఒక సర్వేకు అమెరికా సైన్యం డబ్బిచ్చిన సంగతీ బయటికొచ్చి అనుమానానికి ఆజ్యం పోసింది. జ్యోతిర్మయ్ బసు అధ్యక్షతన పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం విచారించి, 1975లో ఇచ్చిన నివేదికలో, విదేశీ సహకారంతో నడిచే ఇలాంటి పరిశోధనల మీద మన పర్యవేక్షణ సరిగా లేదని గట్టిగా తప్పుపట్టింది. సోనీపత్ విడుదల ఆగిపోయింది. ఆ ఏడాదే విభాగం మూతపడింది.

దీన్ని సైన్సు మీద రాజకీయం గెలిచిన కథగా చెప్పేవాళ్లున్నారు. విదేశీ కుట్రను దేశం పట్టేసిన కథగా చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ సగం కథలే. ఈడిస్ ప్రమాదం వట్టి ఊహ కాదు, డెంగీని మోసేదీ అదే. తర్వాతి దశాబ్దాల్లో డెంగీ మన ఊళ్లను ఏం చేసిందో చూశాం. ఆ పని సాగి ఉంటే మంచిదే. మరో వైపు, వియత్నాంలో అడవుల మీద విషం చల్లుతున్న దేశం డబ్బుతో, మన పల్లెల్లో, ఏం చేస్తున్నారో విడమరిచి చెప్పే అలవాటు లేని రోజుల్లో జరిగిన పనిని జనం అనుమానించడం తప్పెలా అవుతుంది? మగదోమ కుట్టదన్న ఒక్క మాటను పల్లెపల్లెలో ముందే నాటి ఉంటే సగం భయం పుట్టేదే కాదు. రాత్రి వచ్చి నెత్తురు తీసుకుపోయినవాళ్లను మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నే సోనీపత్ విషయంలో పార్లమెంటు అడిగింది.

చిలక దొరికింది

సరిగ్గా ఆ 1970ల్లోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఫైలేరియా పురుగులను చూసినవాళ్లకు కణాల్లో బాక్టీరియాలాంటివి కనబడ్డాయి. రాసి పక్కన పెట్టారు. 1995లో ఇటలీ పరిశోధకులు కుక్కల గుండెపురుగులోని ఆ జీవి జన్యువులను చదివి, ఇది వోల్బాకియా బంధువేనని తేల్చారు. 1999లో జర్మనీలో అఖిమ్ హోరాఫ్ బృందం పురుగులున్న చిట్టెలుకలకు టెట్రాసైక్లిన్ ఇచ్చి చూసింది. బాక్టీరియా చచ్చింది. ఆ తర్వాత పురుగు పిల్లలు కనడం మానేసింది. వాళ్లు వాడిన పురుగు ఏదనుకున్నారు? లిటమసాయిడిస్. యాభై ఏళ్ల కింద పెర్ల్ రివర్ ఎలుకల్లో ఉన్నదే.

దోమలో వోల్బాకియా అతిథి. అది లేకపోయినా దోమ బతుకుతుంది. బోదకాలు పురుగులో అది ఇల్లాలు. అది లేకపోతే పిల్లలు లేవు, కొన్నాళ్లకు పురుగూ లేదు. 2005లో టాంజానియాలో జరిగిన పరీక్షలో ఎనిమిది వారాలు డాక్సీసైక్లిన్ తీసుకున్నవాళ్లలో చాలామందికి పెద్దపురుగులే చచ్చిపోయాయి. డీఈసీ పిల్లపురుగులను బాగా చంపుతుంది గాని పెద్దవాటి మీద దాని దెబ్బ అరకొర. ఫకీరును కొట్టడం వేరు, చిలకను పట్టడం వేరు.

అయితే ఎనిమిది వారాలు రోజూ మాత్ర వేసుకోవడం ఒక ఊరందరి చేతా అయ్యే పని కాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మందు ఇవ్వరు. అందుకే ఊరందరికీ పంచేవి ఇప్పటికీ డీఈసీ, దానితో ఆల్బెండజోల్. దేశంలో ఏటా ఒకసారి ఊరందరికీ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. మనిషి బాగుపడడం కన్నా మనిషి నుంచి దోమకు పోయే దారి మూయడం దాని లక్ష్యం. జబ్బు లేనివాళ్లు కూడా వేసుకోవాలి. ఇక్కడే చిక్కు. "నాకేం రోగమున్నదని మింగాలె?" అని మా దగ్గర చాలామంది మాత్రను కొంగున ముడేసుకుని పోతారు. మింగినవాళ్లలో కొందరికి జ్వరం, తల తిరగడం. నెత్తురులోని పురుగులు చస్తున్నప్పుడు వచ్చే జ్వరమది. చచ్చిన పురుగుల్లోంచి వోల్బాకియా బయటపడడం కూడా దానికొక కారణమని పరిశోధనల్లో తేలింది. అంటే జ్వరం వచ్చినవాడికే మందు ఎక్కువ అవసరం ఉందన్నమాట. ఈ ఒక్క ముక్క ముందే చెబితే జ్వరం భయపెట్టదు. చెప్పకపోతే మరుసటి ఏడు ఆ ఇంట్లో ఎవరూ మాత్ర ముట్టరు.

ఇంత సైన్సూ ఉబ్బిన కాలును మామూలు కాలు చేయలేదు. పురుగు చచ్చినా నాళాలు తిరిగి రావు. ఆ కాలికి కావాల్సింది రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడవడం, పుండు కాకుండా చూసుకోవడం, పడుకున్నప్పుడు ఎత్తుగా పెట్టుకోవడం. ఇది చేసినవాళ్లకు జ్వరాలు తగ్గుతాయి, కాలు మరింత పెరగకుండా ఉంటుంది. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు ఉన్నవాళ్లకు ఆసరా పింఛను ఇస్తున్నారు. మొదట నెలకు 1000 రూపాయలు, 2019లో 2016 అయింది. మా పెద్దమ్మకు మందు కన్నా అది ఎక్కువ మేలు చేసింది. పెళ్లిళ్లలో వెనక వరసలో చీర కుచ్చిళ్లు లాక్కుని కూర్చునే మనిషి, బ్యాంకు ముందు వరుసలో నిలబడి "బోదకాలు పింఛనే" అని గట్టిగా చెప్పడం నేర్చింది. ఇన్నాళ్లూ దాచుకున్న కాలిని సర్కారు కాగితం మీదికి ఎక్కించింది. బాక్టీరియా చరిత్రలో దీనికి చోటుండదు. బోదకాలు చరిత్రలో ఉండాలి.

మళ్లీ దోమలు

వోల్బాకియా ఇప్పుడు ఇంకో రూపంలో వస్తోంది. ఈడిస్ ఈజిప్టై దోమలో సహజంగా అది ఉండదు. ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ బృందం ఏళ్ల తరబడి కష్టపడి, పండ్ల ఈగలోని వోల్బాకియాను ఈడిస్‌లోకి ఎక్కించింది. అది లోపలుంటే డెంగీ వైరసు దోమలో సరిగా పెరగదు. 2011లో కెయిర్న్స్ ఊళ్లలో ఆ దోమలను వదిలారు. ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరాన్ని 24 భాగాలు చేసి, 12 భాగాల్లో మాత్రమే వదిలి చూశారు. 2021లో వచ్చిన ఫలితం: వదిలిన చోట డెంగీ 77 శాతం తక్కువ. ఈసారి వదిలేవాటిలో ఆడదోమలు కూడా ఉంటాయి. అవి కుడతాయి. కాబట్టి ఊరి ఒప్పుదల లేకుండా జరిగే పని కాదిది. యోగ్యకర్తలో ముందుగా చేసిన పని వాడవాడలా కూర్చుని మాట్లాడడమే.

మన దేశంలో 2022లో పుదుచ్చేరిలోని వాహక నియంత్రణ పరిశోధనా కేంద్రం వోల్బాకియా ఉన్న ఈడిస్ దోమల రకాలను సిద్ధం చేశామని ప్రకటించింది. ఆ కేంద్రం పుట్టింది 1975లో, ఢిల్లీ విభాగం మూతపడ్డ ఏడాదే. ఈసారి డబ్బు మనది, శాస్త్రవేత్తలు మనవాళ్లు. కుట్ర అన్న మాటకు ఆస్కారం తక్కువ. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మనవాళ్లయినంత మాత్రాన చెప్పకుండా చేయవచ్చా?

దోమలు డబ్బాల్లో మా దాకా ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన రోజున అంగడిలో నిలబడి, నాలుగు భాషల్లోనూ, ఏ దోమ కుడుతుందో ఏది కుట్టదో, లోపల ఏముందో, అది ఏం చేస్తుందో చెప్పగలవాళ్లు కావాలి. కాలు, పురుగు, దోమ, బాక్టీరియా అన్న నాలుగు పొరలూ విప్పి చూడడానికి శాస్త్రానికి నూటయాభై ఏళ్లు పట్టింది. వాటిని విప్పి చెప్పడానికి మాత్రం ఒక సాయంత్రం చాలు.